మోకాలు నొస్తోందా? బార్ వదలొద్దు, బరువు తగ్గించండి

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. మాది జహీరాబాద్. డిగ్రీ రెండో సంవత్సరం. మూడేళ్లుగా వెయిట్‌లిఫ్టింగ్ చేస్తున్నా. నాలుగు నెలల నుంచి కుడి మోకాలి చిప్ప కింద, వేలితో చూపించగలిగే ఒకే చోట నొప్పి. వార్మప్ అయ్యాక తగ్గుతుంది. మర్నాడు పొద్దున మెట్లు దిగుతుంటే మాత్రం మస్తు నొస్తుంది. ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదన్నారు. ‘బరువులు బంద్ చెయ్’ అని డాక్టర్ గారు చెప్పారు. మూడు వారాలు ఆపితే నొప్పి పోయింది. మళ్లీ స్క్వాట్స్ మొదలుపెట్టిన మూడో రోజే వచ్చేసింది. జిమ్‌లో అన్నలు ‘ఒక ఇంజక్షన్ వేయించుకో, సెట్ అయితది’ అంటున్నారు. అమ్మేమో ‘నాకే మోకాళ్లు లేస్తలేవు, నీకెందుకు బిడ్డా ఈ బరువులు’ అంటోంది. యూనివర్సిటీ సెలెక్షన్స్ మూడు నెలల్లో ఉన్నాయి. ఆడాలా, మానేయాలా?
– ఓ లిఫ్టర్, జహీరాబాద్

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. మానేయక్కర్లేదు. ఇంజక్షన్ వేయించుకుని ఆడాల్సిన పనీ లేదు. ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఉంది. కాస్త విసుగు పుట్టించే దారి. పన్నెండు వారాలు పడుతుంది. కానీ నొప్పిని మళ్లీ మళ్లీ రానివ్వకుండా చూసేది అదే. ఆ దారి పేరు కూడా మీకు తెలిసిందే: స్ట్రెంగ్త్ ట్రైనింగ్. కాకపోతే మీరు ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో కాదు.

ఒక్క మాట. ఉత్తరం చదివి రోగం తేల్చడం కుదరదు. మోకాలు వాచినా, మధ్యలో లాక్ అయిపోయినా, నడుస్తుంటే జారిపోతున్నట్టు అనిపించినా, లిఫ్ట్ చేస్తుంటే ‘టప్’ మని శబ్దం వచ్చి అప్పటి నుంచి నొప్పి పట్టుకున్నా, రాత్రి నిద్రలో కూడా నొప్పి లేపుతున్నా ఇక్కడ చదవడం ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాలు తిమ్మిరెక్కుతూ వెన్ను నొప్పి ఉన్నవాళ్లకీ ఇదే మాట. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. చిప్ప కింద ఒకే చోట నొప్పి, వార్మప్‌తో తగ్గి మర్నాడు పెరగడం... ఇవన్నీ చూస్తే మోకాలి టెండన్ నొప్పిలా ఉంది. దీన్నే ‘జంపర్స్ నీ’ అంటారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడం వింత కాదు. ఎక్స్‌రే ప్రధానంగా ఎముకను చూపిస్తుంది, టెండన్‌ని కాదు. అది తెలియాలంటే అల్ట్రాసౌండ్ తీయాలి, లేదా ఆటగాళ్లను చూసే ఫిజియోథెరపిస్ట్ చేత్తో పరీక్షించాలి. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఒక్కసారి వెళ్లి చూపించుకుంటే తర్వాతి మూడు నెలలు ధైర్యంగా పనిచేయొచ్చు.

విశ్రాంతి ఎందుకు మోసం చేసింది?

కండను ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీ టెండన్. మనవాళ్లు దీన్నే ‘నరం’ అనేస్తుంటారు గానీ, అది నరం కాదు. తాడు లాంటిది. మీరు క్లీన్ చేసి కింద కూర్చుని, ఒక్క ఉదుటున పైకి లేస్తారు చూడండి, ఆ క్షణంలో తొడ కండ బలమంతా ఆ తాడు మీదుగానే కాలి ఎముకకు చేరుతుంది.

కండకి రక్తం బాగా అందుతుంది కాబట్టి అది త్వరగా బలపడుతుంది. టెండన్ అలా కాదు, నెమ్మది మనిషి. కండ నెల రోజుల్లో నేర్చుకునేది టెండన్‌కి నెలలు పడుతుంది. అందుకే కుర్ర లిఫ్టర్లలో తరచూ జరిగేది ఇదే: స్క్వాట్ మూడు నెలల్లో 20 కిలోలు పెరుగుతుంది, కండ సంతోషంగా ఉంటుంది, తాడు మాత్రం వెనకబడిపోతుంది. ఆ తేడా నొప్పిగా బయటపడుతుంది.

ఇప్పుడు మూడు వారాల విశ్రాంతి సంగతి. బరువు పడలేదు కాబట్టి నొప్పి పోయింది. కానీ బరువే పడకపోతే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. మీరు తిరిగొచ్చి పాత బరువే ఎత్తారు. మునుపటి కంటే బలహీనమైన తాడు, అదే బరువు. మూడో రోజుకే నొప్పి రాక ఏం చేస్తుంది? డాక్టర్ గారి సలహా నొప్పిని ఆపింది, కారణాన్ని ముట్టుకోలేదు.

ఆపరేషన్ దొరకని డాక్టర్ కథ

టెండన్‌కి బరువే మందు అన్న సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసింది ఓ స్వీడన్ సర్జన్ వల్ల. పేరు హాకన్ అల్‌ఫ్రెడ్‌సన్. ఆయనకు మడమ వెనక టెండన్ నొప్పి. పరుగెత్తలేకపోయాడు. ఆపరేషన్ చేయమని పై డాక్టర్‌ని అడిగితే ఒప్పుకోలేదట. ‘సరే, తెగిపోతే అయినా చేస్తారు కదా’ అని కావాలని ఆ మడమ మీద బరువు పెంచుతూ వ్యాయామం చేశాడు. తెగలేదు సరికదా, నొప్పే తగ్గిపోయింది. ఆ తర్వాత ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 15 మందితో 12 వారాలు అదే చేయించాడు. అందరూ మళ్లీ పరుగుకు వచ్చారు. 1998లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

మీ మోకాలికి ఇంకా దగ్గరి సంగతి 2009 నాటిది. డెన్మార్క్‌లో సరిగ్గా మీలాంటి నొప్పే ఉన్న 39 మంది మగవాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి స్టెరాయిడ్ ఇంజక్షన్. ఒక గుంపుకి ఏటవాలు పలక మీద ఒంటికాలి స్క్వాట్. మూడో గుంపుకి బరువైన, నెమ్మదైన స్ట్రెంగ్త్ ట్రైనింగ్. 12 వారాలకు మూడు గుంపులూ బాగుపడ్డాయి. ఆరు నెలలకు చూస్తే ఇంజక్షన్ గుంపు మళ్లీ కిందికి జారిపోయింది. వ్యాయామం చేసినవాళ్లు నిలబడ్డారు. మీ జిమ్ అన్నలు చెప్పినదాంట్లో సగం నిజం ఉందన్నమాట. ఇంజక్షన్‌తో సెట్ అవుతుంది, కానీ కొన్నాళ్లే.

వెన్ను నొప్పి, కారణం భుజంలో

ఇది మీ ఒక్కరి కష్టం కాదు. అమెరికా ఒలింపిక్ ట్రైనింగ్ సెంటర్‌లో లిఫ్టర్ల గాయాలను ఆరేళ్లు లెక్కగట్టి 1999లో ప్రకటించారు. మూడింట రెండు వంతుల గాయాలు నడుము, మోకాళ్లు, భుజాల దగ్గరే. ఎక్కువ భాగం ఒక్కసారిగా విరిగినవి, తెగినవి కావు. రోజూ కొంచెం కొంచెంగా ముదిరినవే.

మన కరణం మల్లీశ్వరి సంగతే చూడండి. సిక్కోలు అమ్మాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ. నాలుగేళ్ల తర్వాత ఏథెన్స్‌లో వెన్ను నొప్పి ఆమెను పోటీ పూర్తి చేయనివ్వలేదు. ఆ తర్వాత ఆట నుంచి తప్పుకుంది. పతకం తెచ్చిన శరీరం కూడా నొప్పి ముందు ఆగిపోగలదు.

ఇప్పుడు మీరాబాయి చాను సంగతి. 2018లో వెన్ను నొప్పితో ఆసియా క్రీడలకు దూరమైంది. 2020 చివర్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కి, ఆరన్ హార్షిగ్ అనే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లింది. ఆయనా ఒకప్పుడు లిఫ్టరే. ‘స్క్వాట్ యూనివర్సిటీ’ పేరుతో మీ ఫోన్‌లో వీడియోలు వచ్చే ఉంటాయి. నొప్పి వెన్నులో ఉన్నా, అసలు తేడా భుజం దగ్గరి అసమతుల్యతలో ఉందని తేలింది. దాన్ని సరిచేసే వ్యాయామాల మీద పనిచేసింది. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో క్లీన్ అండ్ జెర్క్ 119 కిలోలతో ప్రపంచ రికార్డు. జులై 24న టోక్యోలో 202 కిలోలతో ఒలింపిక్ రజతం.

కథ అక్కడితో సుఖాంతం అయిపోలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తుంటి గాయం. నాలుగో స్థానం. 2024 పారిస్‌లోనూ నాలుగే. 2025 అక్టోబర్‌లో నార్వేలోని ఫోర్డెలో, 31 ఏళ్ల వయసులో, 199 కిలోలతో మళ్లీ ప్రపంచ రజతం. అంటే గాయం ఒకసారి వచ్చి పోయేది కాదు. లిఫ్టర్ అన్నాక దాంతో కలిసి పనిచేయడం నేర్చుకోవాలి. ఎక్కడ నొస్తుందో అక్కడే కాదు, ఎక్కడ బలం తక్కువుందో అక్కడ కూడా వెతకాలి.

నొప్పికీ ఓ మీటరు

ప్రోగ్రామ్‌కి ముందు ఇది నేర్చుకోండి. ఫిజియోథెరపిస్టులు వాడే పద్ధతే. నొప్పికి సున్నా నుంచి 10 దాకా మార్కులు వేయండి. సున్నా అంటే ఏమీ లేదు, 10 అంటే భరించలేనిది.

వ్యాయామం చేస్తున్నప్పుడు 3 దాకా ఉంటే కొనసాగించొచ్చు. 4, 5 వస్తే ఆ బరువు దగ్గరే ఆగండి, పెంచకండి. 5 దాటిందా, బరువు తగ్గించండి. ఇంకో పరీక్ష మర్నాడు పొద్దున. మంచం దిగి, మెట్లు దిగి చూడండి. నిన్నటి కంటే ఎక్కువ నొస్తే నిన్న చేసింది ఎక్కువైనట్టు. రోజూ ఫోన్ నోట్స్‌లో రెండు అంకెలు రాసుకోండి: చేస్తున్నప్పుడు ఎంత, మర్నాడు పొద్దున ఎంత. మూడు వారాలయ్యాక ఆ నోట్స్ చూస్తే మీ మోకాలి గురించి మీకే చాలా తెలుస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది, కాస్త నొప్పితోనే వ్యాయామం చేస్తున్నాం. సున్నా నొప్పి కోసం ఆగితే ఎప్పటికీ మొదలుపెట్టలేం.

పన్నెండు వారాల లెక్క

మొదటి రెండు వారాలు: కదలకుండా పట్టుకోవడం. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ ఉంటే మోకాలు సగం చాపి, కాస్త బరువుగా పెట్టి 45 సెకన్లు అలాగే ఆపండి. రెండు నిమిషాలు ఆగండి. ఇలా ఐదుసార్లు. మెషిన్ లేకపోతే గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోండి. తేలిగ్గా ఉంటే ఒంటికాలితో. చాలామందికి దీంతో నొప్పి కాస్త సద్దుమణుగుతుంది. అందరికీ కాదు. తగ్గకపోయినా నిరాశ వద్దు, ఇది ముందుమాట మాత్రమే.

ఆ తర్వాత అసలు పని: బరువుగా, నెమ్మదిగా. డెన్మార్క్ పద్ధతి ఇదే. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాప్. స్క్వాట్, లెగ్ ప్రెస్, హాక్ స్క్వాట్. హాక్ స్క్వాట్ మెషిన్ లేకపోతే మొదటి రెండూ చాలు. ఒక్కోటి నాలుగు సెట్లు. దిగడానికి మూడు సెకన్లు, లేవడానికి మూడు సెకన్లు. కింద బౌన్స్ కొట్టడం లేదు, ఉదుటున లేవడం లేదు. తొలి వారం 15 సార్లు మాత్రమే చేయగలిగేంత బరువు. తర్వాత రెండు వారాలు 12, ఇంకో రెండు వారాలు 10, ఆ పైన మూడు వారాలు 8, చివరికి 6. సంఖ్య తగ్గుతున్నకొద్దీ బరువు పెరుగుతుంది.

మీరు ఇప్పటికే బార్ కింద మూడేళ్లు గడిపినవాళ్లు. ఆ నెమ్మదితో మొదటి వారం బరువు చూస్తే సిగ్గేస్తుంది. పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. బార్ మీద ఎంతుందన్నది కాదు లెక్క, తాడు మీద ఎంతసేపు పడుతోందన్నది లెక్క.

గ్యాప్ రోజు ఎందుకంటే, బరువు పడిన తర్వాత ఒకటిన్నర రోజు దాకా టెండన్‌లో కట్టడం కంటే విప్పడమే ఎక్కువ జరుగుతుంది. ఆ తర్వాతే కొత్తది గట్టిపడుతుంది. రోజూ స్క్వాట్స్ చేస్తే ఆ కట్టుబడికి టైమే దొరకదు.

మరి లిఫ్టింగ్ పూర్తిగా బంద్ చేయాలా? అక్కర్లేదు. మోకాలు లోతుగా వంగని పనులు చేసుకోవచ్చు: స్నాచ్ పుల్, క్లీన్ పుల్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, ప్రెస్, రోయింగ్. కోచ్ గారితో మాట్లాడి పీవీసీ పైపుతో, ఖాళీ బార్‌తో టెక్నిక్ దిద్దుకోండి. అవి కూడా నొప్పి మీటర్ మీద 3 దాటకుండా చూసుకోండి. నిజానికి చాలామందికి ఈ మూడు నెలల్లోనే పుల్ బాగుపడుతుంది.

ఎనిమిదో వారం నుంచి, పొద్దుటి నొప్పి 2 లోపు ఉంటే, స్నాచ్, క్లీన్ మళ్లీ మొదలు. మీ గరిష్ఠంలో 60 శాతం. వారానికి రెండే రోజులు. మర్నాడు నొప్పి పెరగకపోతే తర్వాతి వారం మరో 5 శాతం. వేగం టెండన్‌కి అన్నిటికంటే పెద్ద పరీక్ష. అందుకే అది చివర్లో వస్తుంది.

నడుము, భుజం సమస్య ఉన్నవాళ్లకీ సూత్రం ఇదే. నడుముకి కెనడా ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే మూడు వ్యాయామాలు ఎక్కువమంది వాడతారు: కర్ల్ అప్, సైడ్ ప్లాంక్, బర్డ్ డాగ్. భుజానికి రోయింగ్, రబ్బర్ బ్యాండ్‌తో చేతిని బయటికి తిప్పడం, తేలిక బరువును తల పైన ఆపి పట్టుకోవడం. మెయిన్ లిఫ్ట్స్ అయ్యాక చూద్దాంలే అని వదిలేసే పనులే ఇవి. వాటిని ముందుకు తెచ్చుకోండి.

తిండి సంగతి క్లుప్తంగా. కిలో ఒంటి బరువుకి 1.6 గ్రాముల ప్రొటీన్ దాకా కండ పెరుగుదలకు ఉపయోగం. 70 కిలోల మనిషికి రోజుకు సుమారు 110 గ్రాములు. మీ జహీరాబాద్‌లో జొన్నరొట్టెకు కొదవ లేదు. దానికి తోడు పప్పు, గుడ్లు, పెరుగు, అప్పుడప్పుడు చికెన్. డబ్బాల్లో దొరికే పౌడర్ లేకుండానే ఈ లెక్క చాలా వరకు కుదురుతుంది.

ఇంజక్షన్ గురించి రెండు ముక్కలు

జిమ్ అన్నలు చెప్పని సంగతి ఒకటుంది. మోకాలికి వేసే ఆ ఇంజక్షన్ చాలాసార్లు స్టెరాయిడే. కండలు పెంచే స్టెరాయిడ్ కాదు, వాపు తగ్గించేది. వాడా నిబంధనల ప్రకారం 2022 జనవరి 1 నుంచి ఈ రకం మందును ఇంజక్షన్‌గా ఏ రూపంలో తీసుకున్నా పోటీ సమయంలో నిషిద్ధమే. ‘పోటీ రోజు వేయించుకోలేదు కదా’ అంటే కుదరదు. ముందే వేయించుకున్నా శాంపిల్‌లో దొరకొచ్చు. నొప్పి కోసం కొందరు మింగే ట్రమడాల్ కూడా 2024 జనవరి 1 నుంచి ఆ జాబితాలోనే ఉంది.

డాక్టర్ నిజంగా అవసరమని ఇంజక్షన్ రాస్తే, మీరు పోటీ ఆటగాడినని ఆయనకు చెప్పండి, మందు పేరు కాగితం మీద రాయించుకోండి, వైద్య మినహాయింపు గురించి అడగండి. టెస్ట్‌లో దొరికితే ‘నాకు తెలియదు’ అన్న మాటకు విలువ ఉండదు. మోకాలి నొప్పితో ఒక సెలెక్షన్ పోతుంది. డోపింగ్ మచ్చతో ఏళ్లు పోతాయి, పేరూ పోతుంది.

నొప్పి మాత్రతో ఆడటం కూడా తెలివైన పని కాదు. మాత్ర మీటర్‌ని ఆఫ్ చేస్తుంది, బండిని బాగుచేయదు.

అమ్మకు ఏం చెప్పాలి?

అమ్మ భయాన్ని కొట్టిపారేయకండి. అందులో నిజం ఉంది. ఫిన్లాండ్‌లో ఒకప్పటి మేటి ఆటగాళ్లను పెద్ద వయసులో పరీక్షించి 1995లో ఫలితాలు ప్రకటించారు. మోకాళ్ల అరుగుదల షూటర్లలో 3 శాతం మందికి, రన్నర్లలో 14 శాతం మందికి కనిపిస్తే, వెయిట్‌లిఫ్టర్లలో 31 శాతం మందికి కనిపించింది. కారణాల్లో ఒకటిగా వాళ్లు చెప్పింది ఒంటి బరువు. అంటే ఆట మానేశాక కూడా బరువు అదుపులో పెట్టుకోవడం, ఇప్పుడు వచ్చిన నొప్పిని నిర్లక్ష్యం చేయకపోవడం మీ చేతుల్లో ఉన్న పనులు. ‘ఏం కాదులే అమ్మా’ అనడం కంటే ఈ మాట చెప్పండి. నమ్ముతుంది.

ఇంకో సంగతి. ‘నాకే మోకాళ్లు లేస్తలేవు’ అంటున్న అమ్మకు కూడా మందు దాదాపు ఇదే. మోకాళ్ల అరుగుదలకు ప్రపంచమంతా డాక్టర్లు ముందుగా సూచించేవాటిలో కండ బలం పెంచే వ్యాయామం ఒకటి. ఒకసారి డాక్టర్‌కి చూపించి, అభ్యంతరం లేదంటే, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం నేర్పండి. మొదట్లో ఎత్తు కుర్చీ, ఐదారు సార్లు చాలు. నొప్పి మీటర్ ఆమెకూ అదే. మీరు మీ సెట్లు, ఆమె తన సెట్లు. ఇంట్లో బరువుల మీద గొడవ సగం తగ్గుతుంది.

మరి సెలెక్షన్స్?

మూడు నెలలంటే దాదాపు ఈ ప్రోగ్రామ్ అంత సమయమే. కుదరొచ్చు, కుదరకపోవచ్చు. ఇప్పుడే తేల్చుకోకండి. పదో వారంలో చూడండి. గరిష్ఠంలో 80 శాతం ఎత్తి, మర్నాడు పొద్దున మెట్లు దిగితే నొప్పి 2 దాటకపోతే వెళ్లండి. దాటితే కోచ్ గారికి చెప్పి ఈసారికి ఆగండి. చెప్పకుండా దాచి ప్లాట్‌ఫామ్ ఎక్కడం మాత్రం వద్దు.

మీకు 20 ఏళ్లే తమ్ముడూ. మీరాబాయి 31లో ప్రపంచ పతకం గెలిచింది. ఒక్క సెలెక్షన్ పోతే ఏడాది పోతుంది, అంతే. తాడు తెగితే ఆపరేషన్, ఆ పైన నెలల తరబడి మంచం, మళ్లీ మొదటి నుంచి నడక. ఈ వారం చేయాల్సింది చిన్నదే: ఫిజియోథెరపిస్ట్ అపాయింట్‌మెంట్ ఒకటి, ఫోన్‌లో నొప్పి నోట్స్ ఒకటి, గోడకు ఆని 45 సెకన్లు ఐదుసార్లు. పన్నెండు వారాలయ్యాక ఎంత ఎత్తారో రాయండి. అమ్మ కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచిందో కూడా.